గగనతల ఆంక్షల సమాచారం ఒక బల్ల దాటి పక్క బల్లకు ఎందుకు చేరదు?

ప్రశ్న: పొటోమాక్ తీరం

నేను చాలా ఏళ్లుగా మేరీలాండ్‌లో ఉంటున్నాను. విమానయానం నా వృత్తి కాదు, అందువల్ల ప్రశ్నలో ఏదైనా అమాయకత్వం కనిపిస్తే మన్నించగలరు. 2022 ఏప్రిల్ 20 సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో వాషింగ్టన్‌లోని చట్టసభల భవనాన్ని ఉన్నపళంగా ఖాళీ చేయించారు. భవన సముదాయానికి ముప్పు తలపెట్టే అవకాశం ఉన్న ఒక విమానాన్ని గమనిస్తున్నామని ఆ భవనానికి కాపలా కాసే క్యాపిటల్ పోలీసులు హెచ్చరిక జారీ చేశారు. కాసేపటికే ముప్పు ఏమీ లేదని ప్రకటించారు. తీరా చూస్తే అది ఆండ్రూస్ సైనిక స్థావరం నుంచి బయలుదేరిన చిన్న ట్విన్ ఆటర్ విమానం. అందులో ఉన్నది అమెరికా సైన్యానికి చెందిన 'గోల్డెన్ నైట్స్' పారాచూట్ బృందం. నేషనల్స్ బేస్‌బాల్ మైదానంలో ఆ రోజు సైనికుల గౌరవార్థం జరిగిన కార్యక్రమంలో వారు ఆకాశం నుంచి మైదానంలోకి దిగి ప్రేక్షకులను అలరించారు. చట్టసభల భవనానికి ఆ మైదానం ఎంతో దూరం కాదు.

నన్ను ఇప్పటికీ వేధిస్తున్న విషయం ఏమిటంటే, ఆ విమానం దొంగతనంగా రాలేదు. పైలట్ విమానాశ్రయ టవర్‌తో మాట్లాడుతూనే ఉన్నారు, ప్రదర్శన సంగతి పౌర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏకు ముందే తెలుసు. తెలియనిది క్యాపిటల్ పోలీసులకు మాత్రమే. అప్పటి సభాపతి నాన్సీ పెలోసీ ఈ వైఫల్యాన్ని క్షమించరానిదిగా పేర్కొన్నారు, ఎఫ్‌ఏఏ కూడా తన వల్లే ఈ పరిస్థితి కొంత తలెత్తిందని ఒప్పుకొని విచారం వ్యక్తం చేసింది. ప్రపంచంలో అత్యంత కట్టుదిట్టమైన ఆకాశాల్లో ఒకటిగా చెప్పుకునే చోట, ఒక కార్యాలయానికి తెలిసిన సంగతి అదే ఊరిలోని మరో కార్యాలయానికి తెలియకపోవడం ఎలా సాధ్యం? దీనికోసం, గగనతలంలోని తాత్కాలిక మార్పులను తెలిపే నోటామ్‌లు ఉన్నాయి కదా? మన దేశంలో ఇదే పని ఎలా జరుగుతుంది?

సమాధానం: పాత కంట్రోలర్

నేను భారతదేశంలో వాయు రవాణా కంట్రోలర్‌గా పనిచేసి ఉద్యోగ విరమణ చేశాను. అమెరికా వ్యవస్థను లోపలి నుంచి చూసినవాడిని కాను గాని, మీరు అడిగిన జబ్బు ఏ దేశపు కంట్రోలర్‌కైనా పరిచయమైనదే.

వాషింగ్టన్ మీది గగనతలం ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉంటుంది. రీగన్ విమానాశ్రయం కేంద్రంగా 30 నాటికల్ మైళ్ల వ్యాసార్థంలో ప్రత్యేక నియమాల ప్రాంతం ఉంది. దాని లోపల మరింత కఠినమైన వలయం, అన్నిటికంటే లోపల శ్వేతసౌధం, చట్టసభల భవనం మీద ఎవరూ ఎగరకూడని నిషిద్ధ ప్రాంతం ఉన్నాయి. ఈ పొరల్లోకి రావాలంటే అనుమతి కావాలి. అనుమతి అడిగేవాడికి అది దక్కేదాకా పని జరగదు కాబట్టి, వాడు పదిసార్లు ఫోన్ చేసి అయినా సాధించుకుంటాడు. అనుమతి ఇచ్చిన సంగతిని మూడో వ్యక్తికి తెలియజేయడం మాత్రం వేరే పని. అది జరగకపోయినా విమానం ఎగురుతుంది, పారాచూట్లు తెరుచుకుంటాయి, మైదానంలో చప్పట్లు మోగుతాయి. తెలియజేయలేదన్న లోటు ఆ క్షణం వరకూ ఎవరికీ తెలియదు. 2022లో జరిగింది అచ్చంగా ఇదే.

పైలట్‌కూ కంట్రోలర్‌కూ మధ్య ఈ లోటు చాలావరకు ఉండదు. "ఎనిమిది వేల అడుగులకు దిగండి" అని నేను చెబితే, పైలట్ అదే మాటను తన పిలుపు పేరుతో సహా నాకు తిరిగి చెప్పాలి, తప్పు చెబితే నేను దిద్దాలి. ఇది మర్యాద కోసం పెట్టినది కాదు, నిబంధన. ఒక కార్యాలయం మరో కార్యాలయానికి పంపే సమాచారానికి అన్ని చోట్లా ఇలాంటి నిబంధన ఉండదు. 'పంపించాము' అన్న మాటతో ఫైలు మూసేస్తారు, 'అందింది' అన్న మాట కోసం ఎవరూ ఎదురుచూడరు. నా ఉద్యోగకాలంలో తలెత్తిన సమన్వయపు చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ రెండు మాటల మధ్య ఖాళీలోనే పుట్టాయి.

మీ ఊరిదే మరో ఉదాహరణ ఇది. రీగన్ విమానాశ్రయ టవర్‌కూ పెంటగాన్‌కూ మధ్య నేరుగా మాట్లాడుకునేందుకు ఒక హాట్‌లైన్ ఉండేది. 2025 మే 1న పెంటగాన్ వైపు వెళ్తున్న సైనిక హెలికాప్టర్ కారణంగా, దిగబోతున్న రెండు ప్రయాణికుల విమానాలను కంట్రోలర్లు మళ్లీ పైకి పంపించవలసి వచ్చింది. అప్పటికి మూడు నెలల క్రితమే, జనవరి 29న, అదే విమానాశ్రయం దగ్గర ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది మరణించారు. మే నెలలో సెనేట్ కమిటీ ముందు ఎఫ్‌ఏఏ అధికారి చెప్పినదాని ప్రకారం, ఆ హాట్‌లైన్ 2022 మార్చి నుంచి పనిచేయడం లేదు, ఆ సంగతి తమకు మే 1 సంఘటన తర్వాతే తెలిసింది. మూడేళ్లకు పైగా ఒక ఫోన్ మూగబోయి ఉంటే ఎవరికీ తెలియలేదంటే, ఆ మూడేళ్లలో దాన్ని ఎత్తి పరీక్షించినవారు లేరనే నేను అర్థం చేసుకుంటాను. తేదీలు గమనించారో లేదో, మీరు చెప్పిన పారాచూట్ల సంఘటన కూడా ఆ ఫోన్ మూగబోయిన మరుసటి నెలలోనే జరిగింది. ఈ రెంటికీ సంబంధం ఉందని నేను అనడం లేదు, అవి వేర్వేరు కార్యాలయాలు.

సమాధానం: రాత్రి డ్యూటీ డిస్పాచర్

పాత కంట్రోలర్ గారు చెప్పింది నిజమే గాని, అది కథలో సగం. నేను విమానయాన సంస్థలో డిస్పాచర్‌ని, అంటే విమానం బయలుదేరే ముందు దాని ప్రణాళికను, సమాచారాన్ని సిద్ధం చేసేవాడిని. సమాచారం అందకపోవడం ఒక జబ్బయితే, అందిన సమాచారం కుప్పలో కలిసిపోవడం మరో జబ్బు, నా అనుభవంలో రెండోదే పెద్దది.

ప్రశ్న అడిగిన వారు "నోటామ్‌లు ఉన్నాయి కదా" అన్నారు. నోటామ్ అంటే గగనతలం, రన్‌వే, దీపాలు, రేడియో సాధనాలు మొదలైనవాటిలో తాత్కాలికంగా వచ్చే మార్పులను తెలిపే ప్రకటన. టెలిప్రింటర్ల కాలంలో పుట్టింది కాబట్టి ఈనాటికీ పెద్దక్షరాలలో, పొడి పొడి సంక్షిప్తాలతో ఉంటుంది. ఒక్క విమానానికి పదుల పేజీలు వస్తాయి. వాటిలో ఒక పేజీ క్రేన్ గురించి, మరో పేజీ గడ్డి కోయడం గురించి ఉంటాయి, ప్రాణం తీయగల మాట ఎక్కడో మధ్యలో ఉంటుంది. 2017 జూలై 7 రాత్రి శాన్ ఫ్రాన్సిస్కోలో ఎయిర్ కెనడా విమానం రన్‌వే అనుకొని, నాలుగు విమానాలు వరుసగా నిలబడి ఉన్న టాక్సీవే (విమానాలు రన్‌వేకు వెళ్లే దారి) మీదికి దిగబోయి, చివరి క్షణంలో పైకి లేచింది. పక్క రన్‌వే మూసి ఉందన్న నోటామ్ ఆ పైలట్లకు ఇచ్చిన కాగితాలలోనే ఉంది, 27 పేజీలలో ఎనిమిదో పేజీలో. అమెరికా రవాణా భద్రతా మండలి అధ్యక్షుడు రాబర్ట్ సమ్‌వాల్ట్ ఆ విచారణలో నోటామ్‌లను ఎవరూ పట్టించుకోని చెత్తకుప్పగా అభివర్ణించారు. అంత పెద్ద పదవిలో ఉన్న మనిషి అంత మాట అనడం మా వృత్తివారికి గొప్ప ఊరటగా ఉండింది, దాచుకోవడం ఎందుకు?

అది రన్‌వే సంగతి. గగనతల ఆంక్షల విషయానికే వస్తే 2014 జూలై 17 నాటి ఎంహెచ్17 విమానం సంగతి ఉంది. తూర్పు ఉక్రెయిన్ మీద 32,000 అడుగుల దాకా పౌర విమానాలు ఎగరకూడదని అధికారులు మూడు రోజుల ముందు ఆంక్ష విధించారు. ఆ మలేషియా విమానం 33,000 అడుగుల ఎత్తులో, అంటే నిబంధన ప్రకారం తెరిచి ఉన్న ఆకాశంలో, వెళ్తూ క్షిపణికి బలైంది, 298 మంది మరణించారు. ఆంక్ష సంగతి విమానయాన సంస్థలకు అందింది. అందనిది దాని వెనుక ఉన్న కారణం. కింద ఎంత ఎత్తుకు చేరగల ఆయుధాలున్నాయో ఆ ప్రకటనలో లేదు. అందుకే ఆ అంకెకు పైన ఎగిరినవారు నిబంధన పాటించామని అనుకున్నారు. ఉక్రెయిన్ తన గగనతలాన్ని పూర్తిగా మూసివేయడానికి తగిన కారణం ఉండిందని డచ్ భద్రతా మండలి తర్వాత తేల్చింది. ఇక్కడ తిరిగి చెప్పించుకునే నియమం ఉన్నా ఏం లాభం? "32,000 అడుగులు, అర్థమైంది" అని అందరూ సరిగ్గానే తిరిగి చెప్పి ఉండేవారు.

ఇక ఆ కుప్పను మోసే యంత్రమే ఆగిపోతే ఏమవుతుందో 2023 జనవరి 11న చూశాం. సమాచార నిల్వలను సరిచేస్తున్న కాంట్రాక్టు సిబ్బంది పొరపాటున ఫైళ్లు తొలగించడంతో అమెరికా నోటామ్ వ్యవస్థ నిలిచిపోయింది, దేశమంతటా బయలుదేరవలసిన విమానాలను గంటకు పైగా నేల మీదే ఆపేశారు. ఎవరూ పట్టించుకోని చెత్తకుప్ప లేకపోతే ఒక్క విమానమూ కదలదన్నమాట.

పొటోమాక్ తీరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాత కంట్రోలర్ గారి వాదన నాకు నచ్చింది. కానీ 2004 సంగతి చదివాక ఒక సందేహం వచ్చింది. ఆ ఏడాది జూన్ 9న, మాజీ అధ్యక్షుడు రీగన్ భౌతికకాయాన్ని చట్టసభల భవనానికి తీసుకువస్తున్న రోజున, కెంటకీ గవర్నర్ ఎర్నీ ఫ్లెచర్ ప్రయాణిస్తున్న చిన్న విమానం వల్ల కూడా ఇదే భవనాన్ని ఖాళీ చేయించారు. బూట్లు విప్పేసి అయినా పరుగెత్తమని పోలీసులు కేకలు వేశారని అప్పటివారు నేటికీ చెప్పుకుంటారు. అక్కడ కంట్రోలర్లకు ఆ విమానం ఏదో స్పష్టంగా తెలుసు, దానితో మాట్లాడుతున్నారు కూడా. అయినా తప్పలేదు. మరి తిరిగి చెప్పించుకునే పద్ధతి ఆ రోజు ఏం చేసి ఉండేది?

సమాధానం: పాత కంట్రోలర్

మంచి ప్రశ్న. నా మాటను కొంత సవరించుకోవలసి వస్తోంది.

విమానం ఎవరిదో రాడార్‌కు తెలిపే ట్రాన్స్‌పాండర్ అనే పరికరం ఆ విమానంలో బయలుదేరిన కొద్దిసేపటికే పాడైంది. ట్రాన్స్‌పాండర్ లేని విమానం రాడార్ తెర మీద పేరూ ఊరూ లేని చుక్కగా కనిపిస్తుంది. అది లేకుండా వాషింగ్టన్ వలయంలోకి రానివ్వకూడదన్నది నియమం. అయినా కంట్రోలర్లు దాన్ని రానిచ్చారు, ఆ చుక్కకు తమ తెర మీద చేత్తో ఒక పేరు తగిలించారు. కంట్రోలర్ దృష్టిలో సమస్య అక్కడితో తీరిపోయింది. కానీ భద్రతా సంస్థలు కూర్చునే సమన్వయ కేంద్రంలోని తెర మీదికి ఆ పేరు వెళ్లలేదు. వారికి కనిపించింది ఒకటే: ప్రముఖులు చేరుతున్న రోజున నగరం నడిబొడ్డు వైపు దూసుకొస్తున్న అనామకపు చుక్క. యుద్ధవిమానాలను అటు మళ్లించారు. ఇద్దరూ తమకు కనిపించినదాన్ని బట్టి సరిగ్గానే ప్రవర్తించారు, కాకపోతే ఇద్దరికీ కనిపించింది ఒకటి కాదు.

కాబట్టి డిస్పాచర్ గారన్నట్టు మాట అందడమే సర్వస్వం కాదు. అయినా నేను నా వాదనను పూర్తిగా వదులుకోను. నియమానికి మినహాయింపు ఇచ్చిన క్షణంలో, "ఈ చుక్కకు ట్రాన్స్‌పాండర్ లేదు, మీ తెర మీద మీకు ఎలా కనిపిస్తోంది?" అని ఆ కేంద్రాన్ని ఒక్క మాట అడిగి ఉంటే, "మాకు పేరు లేకుండా కనిపిస్తోంది" అన్న జవాబు వచ్చేది. తిరిగి చెప్పించుకోవడం అంటే చిలకపలుకులా అదే మాటను వినడం కాదు, అవతలివాడికి ఏమి కనిపిస్తోందో వాడి నోటితో వినడం.

ఇక మన దేశం గురించి అడిగారు. ఇక్కడ విమాన ప్రణాళిక సమర్పించాక వైమానిక దళం తరఫున ఒక వాయు రక్షణ అనుమతి సంఖ్య వస్తుంది. మేము దాన్ని ఏడీసీ నంబరు అంటాం. దాని విలువ భద్రతలోనే కాక మరో విషయంలోనూ ఉందని నాకు అనిపించేది. ఆ సంఖ్య పైలట్ చేతిలో ఉందంటే సైన్యం బల్ల మీద ఎవరో ఒకరు ఈ విమానాన్ని చూశారని రుజువు. 'పంపించాము' కాకుండా 'అందింది' అన్న మాట అంకె రూపంలో తిరిగి వచ్చినట్టు లెక్క. విశాఖపట్నం వంటి చోట్ల పరిస్థితి ఇంకా దగ్గరది. అక్కడి విమానాశ్రయం నౌకాదళపు ఐఎన్‌ఎస్ డేగా ఆవరణలో ఉంది, కంట్రోల్ టవర్ కూడా నౌకాదళానిదే. ఆంక్ష విధించేవారూ, విమానాన్ని నడిపించేవారూ ఒకే సంస్థవారైనప్పుడు కబురు చేరే దూరం తక్కువ.

శ్రీహరికోట ప్రయోగాలు దీనికి మంచి నమూనా. ముందుగా తెలిసిన తాత్కాలిక ఆంక్షకు కనీసం ఏడు రోజుల ముందే ప్రకటన ఇవ్వాలన్నది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం. రాకెట్ ఎగిరే చోటే కాక, విడిపోయిన దశలు సముద్రంలో పడే చోట్లు కూడా ప్రమాద ప్రాంతాలే. బంగాళాఖాతం మీది విమానాలను పక్కకు మళ్లిస్తారు, తీరం వెంట మత్స్యకారులను వేటకు వెళ్లవద్దని హెచ్చరిస్తారు. చిక్కంతా ప్రయోగం వాయిదా పడినప్పుడు వస్తుంది. ఆంక్ష విధించడానికి ఉన్న శ్రద్ధ దాన్ని ఎత్తివేసే కబురు మీద ఉండకపోతే, ఖాళీ ఆకాశం చుట్టూ విమానాలు ఇంధనం కాలుస్తూ తిరిగి వెళ్తాయి. ఎత్తివేత కబురు కూడా ఆంక్ష కబురంత ముఖ్యమైనదేనని కొత్తగా చేరినవారికి చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది.

ఇంకొకటి. ప్రతి చిన్న విషయానికీ ఫోన్ చేసి తిరిగి చెప్పించుకోండి అని నేను అనడం లేదు. 2025 నవంబరులో ఢిల్లీలో సందేశాలను ఆటోమేటిక్‌గా చేరవేసే వ్యవస్థ మొరాయించినప్పుడు కంట్రోలర్లు విమాన ప్రణాళికలను చేత్తో సిద్ధం చేయవలసి వచ్చింది, 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. మనిషి ఎంత మోయగలడో అక్కడ తేలిపోయింది. మామూలు సమాచారాన్ని యంత్రమే మోయాలి. మినహాయింపులకు మాత్రం మనిషి గొంతు కావాలి.

సమాధానం: డ్రోన్ కెమెరా, తెనాలి

పెద్ద విమానాల చర్చలో చిన్నవాడిని తలదూరుస్తున్నాను. పెళ్లిళ్లకు, ఊరేగింపులకు డ్రోన్‌తో చిత్రీకరణ చేయడం నా వృత్తి. మా ఆకాశం కొద్ది అడుగుల ఎత్తే అయినా ఆంక్షల తంటాలు మాకూ తక్కువేమీ కావు.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం డిజిటల్ స్కై అనే పోర్టల్‌లో దేశపటం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ప్రాంతాలుగా ఉంటుంది. అత్యవసరమైతే రాష్ట్ర ప్రభుత్వం గాని, శాంతిభద్రతల సంస్థ గాని ఒక ప్రాంతాన్ని గరిష్ఠంగా 96 గంటలపాటు తాత్కాలిక ఎరుపు ప్రాంతంగా ప్రకటించవచ్చు. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఆ పోర్టల్ ద్వారానే దాన్ని తెలియజేయాలి. కాగితం మీద చాలా చక్కని ఏర్పాటు. ఒకసారి నేను ఉదయం పటం చూసుకొని, ఆకుపచ్చగానే ఉందని నిర్ధారించుకొని పెళ్లికి వెళ్లాను. ముహూర్తానికి అరగంట ముందు ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి, ఒక ప్రముఖుడి పర్యటన కారణంగా డ్రోన్లు నిషేధమని చెప్పి నా పరికరాన్ని తీసుకువెళ్లారు. నిషేధం నిజమే. ముందు రోజు సాయంత్రం స్థానిక విలేకరులకు పత్రికా ప్రకటన ఇచ్చారు. పటం మీద మాత్రం నేను చూసిన సమయానికి ఏమీ లేదు. ఊరు పేరూ, స్టేషన్ పేరూ ఇక్కడ అనవసరం. పరికరాన్ని మూడో రోజు మర్యాదగానే తిరిగి ఇచ్చారు, కాని పెళ్లివారు ఇవ్వవలసిన మిగతా సొమ్ము ఇప్పటికీ రాలేదు.

పాత కంట్రోలర్ గారు అన్నది నా విషయంలో తలకిందులైంది. మీ దగ్గర యంత్రానికి తెలిసినది మనిషికి తెలియలేదు, మా దగ్గర మనుషులందరికీ తెలిసినది యంత్రానికి తెలియలేదు.

సమాధానం: రాత్రి డ్యూటీ డిస్పాచర్

తెనాలి వారి కథ విన్నాక మరో పాత పేచీ గుర్తుకు వచ్చింది, కాలం గురించి. నోటామ్‌లలో సమయమంతా అంతర్జాతీయ కాలమానంలో ఉంటుంది, మనది దానికంటే ఐదున్నర గంటలు ముందు. 2025 మే నెలలో భారత, పాకిస్తాన్ ఘర్షణ సమయంలో ఉత్తర, పశ్చిమ ప్రాంతాలలోని 32 విమానాశ్రయాలను పౌర విమానాలకు మూసివేసినప్పుడు, కొన్ని చోట్ల మే 14 వరకు అనీ, కొన్ని చోట్ల మే 15 ఉదయం 5:29 వరకు అనీ ప్రకటనలు కనిపించాయి. రెండూ ఒకటే. అంతర్జాతీయ కాలమానంలో 14వ తేదీ రాత్రి 11:59 అయినప్పుడు మన గడియారంలో 15వ తేదీ తెల్లవారుజామున 5:29 అవుతుంది. ఆ వారం నాకు వచ్చిన ఫోన్లలో సగం ఈ ఒక్క అంకె గురించే. ఐదున్నర కాకుండా ఐదు ఇరవై తొమ్మిది ఎందుకో ఫోన్ చేసినవారికి అంతుపట్టలేదు.

అదే నెల 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానం వడగళ్ల వానలో చిక్కుకొని, పక్కకు తప్పుకోవడానికి మన వైమానిక దళపు నియంత్రణ కేంద్రాన్నీ, తర్వాత లాహోర్‌నూ అడిగినప్పుడు రెండు చోట్లా అనుమతి రాలేదు. చాలామంది దాన్ని కూడా సమాచార లోపంగా రాశారు. నేను అలా అనుకోను. పాకిస్తాన్ గగనతలం భారతీయ విమానాలకు మూసి ఉందని ఆ ముగ్గురికీ తెలుసు. అందరికీ తెలిసిన ఆంక్షకూ, ప్రకృతికీ మధ్య ఇరుక్కున్న సందర్భం అది. దానికి వేరే చర్చ కావాలి.

పొటోమాక్ తీరం

ఆ 5:29 సంగతి ఇప్పటికి నాకు తేలింది. మా బావగారికి ఆ వారంలో చండీగఢ్‌కు టికెట్ ఉండేది. విమానాశ్రయం 14న తెరుస్తారా, 15న తెరుస్తారా అని ఆయన హైదరాబాద్ నుంచీ, నేను ఇక్కడి నుంచీ రెండు రాత్రులు ఫోన్‌లో వాదించుకున్నాం. 12వ తేదీనే తెరిచేశారు కాబట్టి ఆ వాదన తేలకుండానే ఆగిపోయింది.